బంటు ముందా, రాజు ముందా?

సామాన్యులైన ఆటగాండ్రు పాల్గొను చదరంగపు పోటీలలో తరచుగా కానవచ్చు ఘట్టమొకటి కలదు. చాలసేపు పోరాడిన పిమ్మట మంత్రులు, ఏనుగులు, శకటములు, గుర్రములు అన్నియు సమసిపోయి, బల్లపై ఇద్దరు రాజులును ఒక్క బంటును మాత్రమే మిగులును. ఎనిమిదవ గడి చేరిన బంటు మంత్రి కాగలదు. కావున బంటు గలవాడు గెలుపు తనదేయని తలంచి దానిని వడివడిగా నడుపును. పెక్కుమారులు ఆ తొందరయే గెలుపును చెరచును. గెలుపునకు ఒక పాయింటు, సమమునకు అరపాయింటు.

ఒక నిలువు వరుసను, బల్ల నడుమనున్న దానిని, తెల్లవాని వైపునుండి లెక్కింపుడు. మూడవ గడిలో తెల్ల బంటు, ఐదవ గడిలో తెల్ల రాజు, ఏడవ గడిలో నల్ల రాజు కలరు. ఎత్తు తెల్లవానిది.

రాజుల నడుమ ఒక్క గడియే యున్నది. ఇట్లు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎత్తు వేయవలసిన రాజు దారి విడువవలసివచ్చును. తెల్లవాడు బంటును నాలుగవ గడికి జరుపును, ఎత్తు నల్లవానిదగును. నల్ల రాజు ఒక ప్రక్కకు తొలగినచో తెల్ల రాజు రెండవ ప్రక్కనుండి ముందునకు చొచ్చును. వెనుకకు తగ్గినచో తానును ఒక గడి ముందునకు పోయి మరల ఎదురు నిలుచును. తుదకు బంటు దారికి కాపు కాచి దానిని మంత్రిని చేయును.

ఆ బంటే ముందుగా నాలుగవ గడికి వచ్చియుండి, ఎత్తు తెల్లవానిదే యైనచో ఏమగును? బంటునకు తన రాజే అడ్డము, రాజే కదలవలెను. అతడెటు తొలగినను నల్ల రాజు అటే ఎదురు నిలుచును. తరువాత బంటు ముందునకు వచ్చినను, నల్ల రాజు దాని దారిలోనే నిలిచి, వెనుకకు తగ్గవలసినప్పుడు ప్రక్కకు పోక తిన్నగా ఎనిమిదవ గడికే తగ్గవలెను. చివరకు బంటు ఏడవ గడిలో, తెల్ల రాజు దాని వెనుక ఆరవ గడిలో నిలుతురు. నల్ల రాజునకు కదలుటకు చోటుండదు. కాని అతనిపై దాడియు లేదు. అట్టి ఆట సమము.

రెండు ఘట్టములకును భేదము బంటు దాచియుంచిన ఒక్క యెత్తే. కావున రాజు ముందు నడువవలెను, బంటు వెనుక నిలువవలెను. పోటీలో ముట్టిన పావును కదపియే తీరవలెనను నియమము కలదు. కనుక చేయి చాచుటకు ముందే ఎత్తులు లెక్కింపవలెను. బంటు లేనివాడును నిరాశపడి ఓటమి నొప్పుకొనరాదు. ఈ రెండు ఘట్టములను బల్లపై నిలిపి, మిత్రునితో పక్షములు మార్చి ఆడి చూడుడు.