మూత లేని గాలి

భూమి బల్లపరుపుగా ఉందని వాదించేవాళ్లు తరచూ ముందుకు తెచ్చేది గాలి సంగతి. పీడనంతో ఉన్న వాయువు పక్కన శూన్యం ఉంటే ఆ వాయువు క్షణంలో అందులోకి దూసుకుపోతుంది, కాబట్టి మన గాలి అంతరిక్షంలోకి పోకుండా నిలిచిందంటే పైన గోపురం లాంటి మూత ఏదో ఉండి తీరాలి అంటారు. గాలి తోడేసిన సీసాకు బిరడా తీస్తే జరిగేది అదే కనుక ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయడం సరికాదు. అయితే మూత సంగతి తేల్చడానికి ఆకాశం అంచుదాకా పోనక్కర్లేదు. మూత మాత్రమే ఆపిన గాలి ఎలా ఉండాలో, మన గాలి ఎలా ఉందో పోల్చి చూస్తే చాలు.

గాలిని పట్టి ఉంచేది మూత ఒక్కటే అయితే అడుగునా పైనా పీడనం ఒకేలా ఉండాలి. అలా లేదని 1648లోనే తేలింది. ఆ ఏడాది సెప్టెంబర్ 19న ఫ్రాన్స్‌లో బ్లేజ్ పాస్కల్ కోరిక మీద ఆయన బావ ఫ్లోరాన్ పెరియే గాలి పీడనాన్ని కొలిచే పాదరసం గొట్టంతో పుయ్ ద డోమ్ కొండ ఎక్కాడు. సుమారు కిలోమీటరు పైకి వెళ్లేసరికి పాదరసం మట్టం 8 సెంటీమీటర్లకు పైగా దిగింది. కింద ఊళ్లో ఉంచిన మరో గొట్టంలో మాత్రం రోజంతా మార్పు లేదు. ఆ తర్వాత ఎంత ఎత్తున కొలిచినా ఇదే వరస. సముద్రమట్టం దగ్గర సుమారు 1013 హెక్టోపాస్కళ్లు ఉండే పీడనం ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున సగమవుతుంది, ఎవరెస్టు శిఖరం మీద మూడో వంతు మిగులుతుంది, 30 కిలోమీటర్ల ఎత్తున నూటికి ఒక వంతుకు పడిపోతుంది. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కేంద్రం నుంచి అంత ఎత్తుకు పంపే బెలూన్లను నేల మీద నిండా ఊదరు. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి అవే ఉబ్బుతాయి.

ఈ తరుగుదలకు కారణం బరువు. ఒకదాని మీద ఒకటి పేర్చిన దూది మూటల్లో అడుగుది ఎక్కువ నలిగినట్టే, కింది గాలి తన మీదున్న గాలినంతా మోస్తూ నలుగుతుంది. లెక్క కూడా సరిపోతుంది. సముద్రమట్టం దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. ఒక మీటరు పైకి వెళితే చదరపు మీటరు మీద తగ్గే ఒత్తిడి కూడా ఆ బరువంతే. అంటే కింది నుంచి పైకి నెట్టే ఒత్తిడినీ కిందికి దించే బరువునూ ప్రతి పొర దగ్గరా సరితూచినట్టు ఉంటుంది. ఇక శూన్యం దేన్నీ లాగదు, గాలే తన ఒత్తిడితో అందులోకి వెళుతుంది. అసలు ఇటు గాలి అటు శూన్యం అని గీత గీయదగిన చోటే లేదు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని కూడా పలచని గాలి రాపిడి మెల్లగా కిందికి దించుతుంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ పైకి నెట్టాల్సి వస్తుంది. జానెడు సీసాలో పైకీ కిందికీ పీడనం తేడా లక్షలో రెండు మూడు వంతులే కనుక బరువు ప్రభావం కంటికి ఆనదు. కిలోమీటర్ల లోతున్న గాలికి ఆ సీసా నమూనా కాలేదు.

నిరంతరం పరుగెత్తే అణువులు తప్పించుకోవా అని అడగవచ్చు. మామూలు ఉష్ణోగ్రతలో నత్రజని అణువు సగటు వేగం సెకనుకు అర కిలోమీటరు. భూమిని విడిచి పోవాలంటే 11.2 కిలోమీటర్లు కావాలి. తేలికైన హైడ్రోజన్ మాత్రం కొద్దికొద్దిగా నిజంగానే పోతోంది, గట్టి మూతే ఉంటే అదీ పోకూడదు. 2.4 కిలోమీటర్ల వేగమే చాలిన చంద్రుడి మీద చెప్పుకోదగ్గ గాలి నిలవలేదు. గురుత్వాకర్షణ అక్కర్లేదు, సాంద్రత తేడా వల్లే వస్తువులు పడతాయి, లేస్తాయి అనేది బల్లపరుపు వాదులు చెప్పే ఇంకో మాట. కానీ సాంద్రతకు దిక్కు లేదు. బరువైనది ఏ వైపు పోవాలో చెప్పడానికి కిందికి లాగే బలం ఒకటి కావాల్సిందే. పొగ, హీలియం బుడగ పైకి లేచేదీ వాటికన్నా బరువైన గాలి కిందికి దిగి వాటిని నెట్టడం వల్లనే.

భూమి గుండ్రంగా ఉందని గాలి పీడనం ఒక్కటే రుజువు చేయదు. అందుకు గ్రహణాల్లో పడే నీడ, ఊరు మారితే మారే నక్షత్రాల ఎత్తు లాంటి సాక్ష్యాలు వేరే ఉన్నాయి. పీడనం తేల్చేది ఒక్కటే, మూత వాదం నిలవదని. బరువు లేదంటే ఎత్తుతో పీడనం ఎందుకు తగ్గుతుందో వాళ్లు చెప్పలేరు. బరువు ఉందని ఒప్పుకుంటే గాలిని ఆపడానికి అదే చాలు, గోపురానికి చేయడానికి పనేమీ మిగలదు.