టార్గెట్ ఉద్యోగి: కథలో అతని చోటు

ఆర్థిక మాంద్యం గురించి రాయదలచిన రచయితకు మొట్టమొదట ఎదురయ్యే చిక్కు, మాంద్యం కంటికి కనిపించకపోవడం. కరువైతే నెర్రెలిచ్చిన నేల కనిపిస్తుంది. వరదైతే మునిగిన చేను కనిపిస్తుంది. మాంద్యంలో బజారు తెరిచే వుంటుంది, కొట్లో సరుకు నిండుగానే వుంటుంది. కొనేవాడు మాత్రం రాడు. ఆ రానివాణ్ణి ఎలాగైనా రప్పించడానికి నెలజీతం మీద కుదిరినవాడు ఒకడుంటాడు. అతనే సేల్స్ ఉద్యోగి. అతని బతుకును కొలిచే అంకె పేరు టార్గెట్.

రైతు, నేతగాడు, గుమాస్తా, నిరుద్యోగి మన కథలోకి ఎన్నడో వచ్చారు. నేను చదివినంతలో ఈ టార్గెట్ ఉద్యోగి మాత్రం ఇంకా వాకిట్లోనే నిలబడి వున్నాడు. అప్పుడప్పుడు లోపలికి వచ్చినా, మాటకారి మోసగాడుగానో, జాలిపడవలసిన ఒంటరి మనిషిగానో వచ్చిపోతున్నాడు. ఈ రెండు చూపులూ చాలవు. టార్గెట్ ఎక్కడ పుడుతుందో, ఎవరి మీదుగా దిగి ఎవరి నెత్తిన ఆగుతుందో తెలియనిదే అతన్ని నిజంగా చిత్రించడం సాధ్యం కాదు. ఆ దారిని మాచర్ల ప్రాంతంలో పురుగుమందుల వ్యాపారం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

మాంద్యం అనగానే 1929 నాటి న్యూయార్క్ షేర్ బజారూ, 2008లో కూలిన అమెరికా బ్యాంకులూ గుర్తుకొస్తాయి. మాచర్లకు మాంద్యం చాలాసార్లు గుంటూరు మిర్చి యార్డు దారిన వస్తుంది. పల్నాటి మెట్టలో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. నాగార్జునసాగర్ ఆనకట్ట దగ్గరలోనే వున్నా వెల్దుర్తి వైపు మెట్టభూములకు కాలవ నీళ్ళ యోగం లేకపోయింది. ఆ భూముల కోసం తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. వానను, బోరును నమ్ముకున్న ఈ వ్యవసాయంలో విత్తనం, ఎరువు, పురుగుమందు, కౌలు, కూలి అన్నీ ముందే పెట్టాలి. ధర మాత్రం చిట్టచివర తేలుతుంది.

ఆ ధర ఎలా తేలుతుందో ఇటీవలి అనుభవమే చెబుతుంది. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటల్ని ఊడ్చిపెట్టింది. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిరప 2025 తొలి నెలల్లో దాదాపు సగానికి దిగింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసి, 2 లక్షల 58 వేల టన్నులకు వర్తింపజేయవలసి వచ్చింది.

ధర పడిన ఏడు రైతు పురుగుమందుల కొట్టు బాకీ తీర్చలేడు. కొట్టు యజమాని కంపెనీకి డబ్బు కట్టలేడు. బట్టల కొట్లోనూ, మోటారు సైకిళ్ళ షోరూములోనూ బేరాలు తగ్గుతాయి. ఊళ్ళో అన్నీ పడిపోతాయి. పడనిది ఒక్క టార్గెట్. అది ఎందుకు పడదో చూడాలి.

2

టార్గెట్‌ను పనికి కొలత అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. యార్డులో హమాలీకి మోసిన టిక్కీలే కొలత. అతని ఒళ్ళు ఎంత మోస్తే అంత కూలి. సేల్స్ ఉద్యోగి టార్గెట్ అతని శక్తిని బట్టి పుట్టదు, మాచర్ల మండలం కొనగలిగిన శక్తిని బట్టీ పుట్టదు. నిరుడు అమ్మినదాని మీద ఇంత శాతం పెరగాలని పైన నిర్ణయమవుతుంది. వాటాదార్లకు చెప్పిన పెరుగుదలను రాష్ట్రాలకు, జిల్లాలకు పంచుతూ వస్తే, చివరి వాటా ఒక మోటారు సైకిలు తిరిగే నాలుగైదు మండలాల మీద పడుతుంది. ఈ లెక్కలో బాగా అమ్మిన ఏడే ఉద్యోగికి శత్రువు. తెగులు పెచ్చుమీరి మందులు విపరీతంగా చెల్లిన ఏటి అంకెను పునాది చేసుకుని, వానలు తప్పిన ఏటికి అంకె కడతారు.

ఈ వ్యాపారంలో నాలుగు వాడుక మాటలున్నాయి. రచయిత వాటి అర్థం తెలుసుకోవాలి. కంపెనీ సరుకును డీలరు గోడౌన్లో దించడం ప్లేస్‌మెంట్. ఆ సరుకు డీలరు దగ్గర్నుంచి రైతుకు చేరడం లిక్విడేషన్. డీలరు నుంచి డబ్బు రాబట్టడం కలెక్షన్. అమ్ముడుపోని సరుకు సీజను చివర వెనక్కి రావడం రిటర్న్స్. మంచి కాలంలో ఈ నాలుగూ ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. మాంద్యంలో విడిపోతాయి. రైతు కొనకపోయినా ప్లేస్‌మెంట్ జరిగితే కాగితం మీద అమ్మకం జరిగినట్టే. అందుకే నెలాఖరు రోజుల్లో, ముఖ్యంగా మార్చి నెలాఖరులో, ఉద్యోగి కొట్టు కొట్టుకీ తిరిగి, 'ఈ నెలకి గట్టెక్కించు అన్నా' అని బతిమాలతాడు. పై నెల వెనక్కి తీసుకుంటానని నోటిమాట ఇస్తాడు. పాత సరుకు చెల్లకముందే కొత్త సరుకు దిగుతుంది. ఈ నెల నిండిన టార్గెట్ వచ్చే నెలకు కలెక్షన్ బాకీగా, సీజను చివర రిటర్న్స్‌గా తిరిగి అతని తలుపే తడుతుంది. రైతు అరువు తెచ్చుకుంటే కాలం అతని మీద వడ్డీ వేస్తుంది. సేల్స్ ఉద్యోగి అమ్మకాన్నే అరువు తెచ్చుకుంటాడు.

వీళ్ళలోనూ అంతస్తులున్నాయి. కంపెనీ జాబితాలో పేరున్న ఉద్యోగి ఒకడు. అతని కింద సీజను వరకు కాంట్రాక్టరు ద్వారా కుదిరే ఫీల్డు కుర్రాళ్ళు కొందరు. వీళ్ళు చాలావరకు రైతుల బిడ్డలే. మా బడుల్లో చదివి, డిగ్రీయో వ్యవసాయ డిప్లొమానో పూర్తిచేసి, సొంత బండి మీద తిరుగుతున్నవాళ్ళు. ఉద్యోగం కావడానికి ముందు వాళ్ళ నాన్న ఏ కొట్లో అరువు పెట్టాడో, ఇప్పుడు ఆ కొట్టుకే సరుకు దించుతారు. తమ ఊరివాళ్ళ నమ్మకమే వీళ్ళ పెట్టుబడి. మాంద్యం వస్తే ముందు పోయేదీ వీళ్ళే. పోయినట్టు ఏ లెక్కలోనూ పడదు.

3

డీలరు దగ్గర కుప్పబడిన సరుకు అక్కడే వుండదు. ఎక్కువ సరుకు ఎత్తినవాడికి కంపెనీలు స్కీములు పెడతాయి, బంగారు నాణెమో, విదేశయాత్రో ఆశ చూపుతాయి. ఆశతో కొంత, గోడౌన్ ఖాళీచేసే అవసరంతో కొంత, డీలరు ఆ మందును రైతు వైపు నెడతాడు. రైతు అరువు ఖాతా అతని దగ్గరే వుంది కాబట్టి, ఏ మందు కొట్టాలో చెప్పే అధికారమూ అతనికే దక్కింది. అప్పు ఇచ్చేవాడూ, సరుకు అమ్మేవాడూ, సలహా చెప్పేవాడూ ఒకే మనిషైనచోట రైతుకు కాదనే వీలు లేదు. పైన ఒక గదిలో పుట్టిన అంకె చేలో ఒకటి రెండు అదనపు మందులుగా తేలుతుంది.

దీని ఫలితం మన జిల్లాలు ఇదివరకే చూశాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను తెల్లదోమ నాశనం చేసింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విచ్చలవిడిగా వాడడం వల్ల దోమను తినే మిత్రపురుగులు నశించడం దీనికొక ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పారు. అప్పుల్లో కూరుకున్న పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ళ తర్వాత, 1997-98లో, వరంగల్ జిల్లాలో శనగపచ్చ పురుగు విజృంభించినప్పుడు అదే విషాదం ఇంకా పెద్దయెత్తున జరిగింది. చేను కోసం అరువు తెచ్చిన మందే ఎందరి చావుకో సాధనమైంది. నకిలీ మందులు, వాన, ధర, వడ్డీ అన్నీ ఇందులో కలిసి వున్నాయి. నేరమంతా అమ్మినవాడిదే అనడం న్యాయం కాదు. అయితే ఆ సీసా చేను దాకా వచ్చిన దారిలో ప్రతి మజిలీలోనూ ఒక టార్గెట్ వుందన్న సంగతి మరువరాదు.

సరుకు బదులు అప్పునే అమ్మినా నడక మారదు. 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభం ఇందుకు సాక్ష్యం. ఆ ఏడు హైదరాబాదు కేంద్రంగా వున్న ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ వాటాలు షేర్ మార్కెట్టుకు వెళ్ళాయి. గ్రామాల్లో వారం వారం వాయిదాలు వసూలుచేసే సిబ్బందికి అప్పులిచ్చే లెక్కా, రాబట్టే లెక్కా రెండూ వుండేవి. ఒకే ఇంటికి నాలుగైదు సంస్థల అప్పులు చేరాయి. వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు కుప్పకూలాయి. ఆ మీదట ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళలో ఇంటింటికీ తిరిగి వసూలుచేసిన కుర్రాళ్ళు వున్నారు. అప్పు తీసుకున్న స్త్రీలదీ, వసూలుచేసిన కుర్రాళ్ళదీ చాలాచోట్ల ఒకే తరగతి. ఒకరి గుమ్మంలో ఒకరిని నిలబెట్టినది పైనుంచి దిగిన అంకె.

4

ఇంతకీ ఇతను కార్మికుడా? ఈ ప్రశ్న సాహిత్యం కన్నా ముందు న్యాయస్థానాలకు వచ్చింది. సంఘం పెట్టుకున్నవాళ్ళలో మందుల కంపెనీల ప్రతినిధులు ముందున్నారు. వాళ్ళ అఖిల భారత సమాఖ్య 1963లో ఏర్పడింది. 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చింది. మొదట అది మందుల పరిశ్రమకే వర్తించింది. అద్యంతాయ, సాండోజ్ కంపెనీల వ్యాజ్యంలో 1994లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పారిశ్రామిక వివాదాల చట్టంలో చెప్పిన శారీరక, నైపుణ్య, సాంకేతిక, గుమాస్తా పనుల్లో దేని కిందికీ అమ్మకాల ప్రోత్సాహం రాదని తేల్చింది. 1976 చట్టం ద్వారా దక్కే రక్షణే అతనికి ఆధారమైంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులను కార్మికుని నిర్వచనంలోనే చేర్చింది.

నిర్వచనంలో పేరు చేరడం మంచిదే. బతుకులో దాని బలం ఎంత అన్నది వేరే ప్రశ్న. టార్గెట్ తప్పినవాణ్ణి తీసివేశామని రాసే కంపెనీ అరుదు. ముందు సమావేశంలో అందరి ఎదుటా అతని అంకె చదువుతారు. తర్వాత దూరపు ఊరికి బదిలీ చేస్తారు. ఆ తర్వాత రాజీనామా రాసివ్వమంటారు. చేతికి తొలగింపు కాగితం అందదు, సొంత దస్తూరీతో రాసిన రాజీనామా మిగులుతుంది. మాంద్యం మింగిన ఉద్యోగం రికార్డులో ఉద్యోగి ఇష్టప్రకారం వదులుకున్న ఉద్యోగంగా నమోదవుతుంది. మాంద్యం కంటికి కనిపించదని మొదట అన్నది ఇందుకే.

5

ఈ వస్తువును ఇతర సాహిత్యాలు ఎలా పట్టుకున్నాయో మన విద్యార్థులు పరిశీలించాలి. ఆర్థర్ మిల్లర్ 1949 నాటి నాటకం 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'లో విల్లీ లోమన్ ఒకే కంపెనీకి ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ముసలితనంలో జీతం పోగొట్టుకుని కమీషన్ మీద బతుకుతాడు. తిరుగుడు లేని పని ఇప్పించమని అడగబోయి ఉన్న పనే పోగొట్టుకుంటాడు. చివరకు తన చావుతో వచ్చే బీమా సొమ్ము ఇంటికి మిగులుతుందని లెక్కవేస్తాడు. తన్ను తాను సరుకుగా మార్చుకున్న మనిషిని ఇంత తీవ్రంగా చూపిన నాటకాలు తక్కువ. ఐతే విల్లీ ఏం అమ్ముతాడో మిల్లర్ ఎక్కడా చెప్పడు. మనిషి అమ్ముకునేది తన్నే అని చెప్పడానికి ఆ మౌనం ఆ నాటకానికి పనికొచ్చింది. మాచర్లలో కథ రాసేవాడికి ఆ మౌనం చెల్లదు. సంచిలో వున్నది ఏమిటో, అది ఎవరి ఇంట్లోకి వెళుతుందో చెప్పకపోతే మన కథలో సగం నిజం పోతుంది.

ఆ రెండో సగాన్ని చూసినవాడు సత్యజిత్ రాయ్. శంకర్ నవల ఆధారంగా 1971లో తీసిన 'సీమాబద్ధ'లో ఫ్యాన్ల కంపెనీ సేల్స్ మేనేజరు, ఎగుమతి సరుకులో లోపం బయటపడగానే తన పదవిని కాపాడుకోవడానికి కార్ఖానాలో కావాలని గొడవ పుట్టిస్తాడు. దెబ్బ ఒక కాపలాదారుకు తగులుతుంది. మేనేజరుకు పదవి పెరుగుతుంది. అతను స్వభావం వల్ల దుర్మార్గుడు కాడు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. పై నుంచి పడిన ఒత్తిడిని కిందివాడి మీదికి తోయడమే తన ఉద్యోగమని తెలుసుకున్నవాడు. మన దృష్టికి ఆనవలసింది ఈ నెట్టుడే.

6

పై చర్చ నుంచి రచయితలకు ఉపయోగపడే మూడు మాటలు తేలుతున్నాయి.

మొదటిది, టార్గెట్ ఉద్యోగిలో ఒక వైరుధ్యం వుంది. పైవాడి ముందు అతను పీడితుడు, కిందివాడి గుమ్మంలో పీడనకు చెయ్యి. ఒక సగాన్నే రాస్తే మోసగాడి కథో, అభాగ్యుడి కథో అవుతుంది. రెండు సగాలూ ఒకే రోజులో, ఒకే మోటారు సైకిలు మీద కలిసి తిరుగుతున్నాయని చూపినప్పుడే పాత్ర నిలుస్తుంది.

రెండవది, అంకెకు భయపడకూడదు. కథలో లెక్కలు రాకూడదన్నది పాత అలవాటు. అసలు, వడ్డీ లేకుండా రైతు కథ ఎలా వుండదో, ప్లేస్‌మెంట్, రిటర్న్స్ లేకుండా ఇతని కథ అలా వుండదు. నెలాఖరు తేదీ ఇతని కథలో వాతావరణం. డీలరు గోడౌన్ రంగస్థలం.

మూడవది, ముగింపు సంగతి. ఉద్యోగం పోవడంతోనో, పాత్ర చావుతోనో కథ ఆపడం సులభం. అంకె అక్కడ ఆగదు. అతను వదిలిన నాలుగు మండలాలూ, తీరని టార్గెట్టూ, రాని బాకీలూ మర్నాడే మరొక కుర్రాడికి అప్పజెబుతారు. కొత్తగా బండి కొనుక్కుని, వాయిదాలు మొదలుపెట్టి, అదే కొట్టు ముందు దిగే ఆ రెండోవాడు మన బళ్ళలోంచి వచ్చినవాడే. మొదటివాడు అతనికి ఏం చెప్పాడు, ఏం చెప్పలేకపోయాడు అన్నచోట ఆలోచిస్తే, ఒంటరివాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టే అవకాశం కథలోకి వస్తుంది. రాయవలసిన కథ అక్కడ వుంది.