దీర్ఘకాలపు నొప్పులు, వహమ్, వైద్యం: నల్లగొండ అనుభవం

మన ఇళ్ళలో పెద్దలు తరచు అనే సామెత ఒకటున్నది: వహమ్‌కు లుఖ్మాన్ హకీమ్ దగ్గర కూడా మందు లేదు. ఎవరైనా నెలల తరబడి ఇక్కడ నొప్పి, అక్కడ తిమ్మిరి అని చెప్పుకొని, పరీక్షలలో ఏమీ తేలక తిరిగి వచ్చినపుడు ఈ మాట వాడతారు. దానితో సంభాషణ ముగుస్తుంది. వినేవారికి భారం దిగుతుంది, చెప్పుకొనేవారు నోరు మూసుకుంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పాఠకులు ఈ సామెతను గూర్చి కొంచెం నిదానంగా ఆలోచించవలసి ఉన్నది. ఎందుకనగా, పరీక్షకు త్వరగా చిక్కని నొప్పి ఎట్లుంటుందో, అది చివరకు ఏమిగా తేలుతుందో మన నేల చూచినంతగా మరి కొన్ని ప్రాంతాలు మాత్రమే చూచి ఉంటాయి.

మొదట ఆ మాట అర్థమేమో చూద్దాం. అరబీ మదర్సాలో తర్కం, ఉసూల్ చదివిన విద్యార్థికి నాలుగు మెట్లు నేర్పుతారు. ఒక విషయం ఖాయమని తెలిస్తే అది యఖీన్. రెండు పక్షాలలో ఒకటి బలంగా కనిపిస్తే, ఆ బలమైన పక్షం జన్. రెండూ సమానంగా తూగితే షక్. బలహీనమైన రెండవ పక్షమే వహమ్. అంటే వహమ్ అనగా లేనిది కాదు, జరిగే అవకాశం తక్కువగా ఉన్నది. నేను అనువాదకుడుగా పని మొదలుపెట్టిన రోజులలో ఈ పదాన్ని ప్రతిచోటా ‘భ్రమ’ అని వ్రాసి పడేశాను. అది తప్పు. భ్రమలో వస్తువే ఉండదు. వహమ్‌లో వస్తువు ఉండవచ్చు, కాని దాని పాలు చిన్నది. ఈ తేడా పుస్తకాలలో ఎంత ముఖ్యమో రోగి మంచం దగ్గర అంతకంటె ముఖ్యం.

ఇక మన నేల సంగతి. తాగునీటి ఫ్లోరైడ్ వలన మనుషుల ఎముకలు చెడుతున్నవని 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుండి షార్ట్ మొదలగు వైద్యులు వెల్లడించారు. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి డాక్టర్ ఎ.హెచ్. సిద్దీఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించారు. పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని ఫ్లోరోసిస్ ప్రాంతాలలో గమనించి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రికలో వ్రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటి నుండి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1975లో నాగపూరు పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినపుడు దానికి పెట్టిన పేరు ‘నల్లగొండ పద్ధతి’. ఒక జిల్లా పేరు ఇట్లు ప్రపంచమంతా తెలియడం గర్వించదగిన విషయమేమీ కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ నీటి సమస్యను దేశం దృష్టికి తెచ్చేందుకు జల సాధన సమితి పిలుపుపై నల్లగొండ స్థానంలో 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి, పోలింగ్ వాయిదా పడింది.

కారణం మన కాళ్ళ కింది గ్రానైటు రాయి. అందులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉన్నది. రాతి పగుళ్ళలో ఎంతోకాలం నిలిచిన నీటిలోనికి అది మెల్లగా దిగుతుంది. బోర్లు లోతుకు పోయినకొద్దీ అటువంటి నీరు పైకి వచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. మరగబెట్టినా పోదు సరికదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండుట మంచిదనీ, వేరే ఆధారం లేనపుడు ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చుననీ భారత ప్రమాణం. శరీరంలో మిగిలిన ఫ్లోరైడ్ దాదాపు అంతా ఎముకలలో, పళ్ళలో చేరుతుంది. ఎముక నుండి బయటకు రావడానికి ఏళ్ళు పడుతుంది.

మన విషయానికి వస్తే ఇందులో గమనింపవలసినది ఆరంభ దశ. నడుము పట్టివేత, మెడ బిగువు, మోకాళ్ళ సలుపు, వేళ్ళలో చీమలు పాకినట్లుండుట. ఈ దశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. కీళ్ళవాతంలోనూ, విటమిన్ డి కొరతలోనూ, చక్కెర వ్యాధిలోనూ, థైరాయిడ్ లోపంలోనూ ఇవే మాటలు రోగి నోట వస్తాయి. కనుక రోగి చెప్పేది నిజమైయుండి వైద్యుడు ఏమీ కనుగొనలేకపోవుట రెండూ ఒకేసారి జరుగగలవు. మా ఖాలా విషయంలో జరిగినది ఇదే. ఆమె నలభై ఏళ్ళు దాటినప్పటి నుండి నడుము నొప్పి అనేది. దిష్టి అన్నారు, వాతం అన్నారు, కోడలితో పని చేయించే ఉపాయమన్నారు. వహమ్ అన్నవారిలో చిన్నవాడినైన నేనూ ఉన్నాను. ఆమె వెన్ను ముందుకు వంగి, తల తిప్పి చూడడానికి ఒళ్ళంతా తిప్పవలసి వచ్చిన తరువాత తీసిన ఎక్స్‌రేలో, ముంజేతి రెండు ఎముకల నడుమ పొర గట్టిపడి కనిపించింది. ఫ్లోరోసిస్‌కు అది స్పష్టమైన గుర్తు. అప్పటికి పదహారేళ్ళు గడిచాయి.

ఇపుడు నా వంతు వచ్చింది. నేను మునుగోడు వైపు పల్లెలో 1980 ప్రాంతంలో పుట్టి, బోరింగు నీళ్ళు తాగి పెరిగాను. ముందరి పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. ఆ చారలు చెప్పేది ఒకటే: పళ్ళు ఏర్పడే వయసులో, అనగా సుమారు ఎనిమిదేళ్ళలోపు, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నదని. ఎముకలు చెడినవో లేదో వాటిని బట్టి చెప్పలేము. ఇది నాకు తెలిసికూడా, మూడేళ్ళ క్రితం నడుములో, మెడలో నొప్పి మొదలుకాగానే ఖాలా వెన్ను కళ్ళ ముందు నిలిచింది.

ఫ్లోరోసిస్ అనుమానించినపుడు వైద్యులు మూడు కదలికలు చేయించి చూస్తారు. మోకాళ్ళు వంచకుండా వంగి నేల తాకుట, గడ్డాన్ని రొమ్ముకు ఆనించుట, చేతులు ఎత్తి తల వెనుక చేర్చుట. నమాజు చేసేవానికి ఇవి దాదాపు రోజువారీ పనులే. తక్బీరుకు చేతులు ఎత్తుతాము, రుకూలో వంగుతాము, సలాములో మెడ తిప్పుతాము. బిగువు మొదట అక్కడే తెలుస్తుంది. కాని నేను చేసినదేమనగా, సలాము తరువాత కుడికి, ఎడమకు మళ్ళీ మళ్ళీ మెడ తిప్పి కొలుచుకొనసాగాను. రోజుకు ఐదు పూటల నమాజు ఐదు పూటల పరీక్షగా మారింది. తిప్పినకొద్దీ మెడ నొచ్చింది, నొచ్చినకొద్దీ భయం పెరిగింది. నగరంలో ఒక వైద్యుడు చిత్రాలు దీపం ముందు పట్టుకొని, ఏమీ లేదు, ఆలోచనలు తగ్గించండి అని పంపివేశాడు. ఆ ఊరట శుక్రవారం నుండి ఆదివారం వరకు నిలిచింది. సోమవారం మరొక వైద్యుని చిరునామా వెదికాను. ఏడాదిలో నలుగురిని మార్చాను. నలుగురూ మొదటి నుండి మొదలుపెట్టారు. అందువలన ఖర్చు నాలుగింతలైంది, సమాధానం ఒక్క అడుగు కూడా దగ్గర కాలేదు.

ఈ స్థితికి నేటి వైద్యులు ఆరోగ్య ఆందోళన అని పేరు పెట్టారు. నొప్పి కల్పితమని దీని అర్థం కాదు. దృష్టి ఎక్కడ నిలిపితే అక్కడి నొప్పి ఎక్కువగా వినిపించుట శరీర ధర్మం. తడిమి చూచుకొనుట, పదిమందిని అడుగుట క్షణకాలం చల్లబరచి, తరువాత ఆకలిని పెంచుతాయి. నాలుగు మెట్ల లెక్కలో చెప్పాలంటే, బుద్ధి షక్ అంటున్న విషయాన్ని హృదయం యఖీన్‌గా అనుభవిస్తున్నది.

ఫిఖ్హ్ చదివినవారికి ఇది కొత్త కాదు. వుజూ పోయిందేమో అన్న శంకతో మళ్ళీ మళ్ళీ కడుగుకొనే వానికి ధర్మవేత్తలు చెప్పిన సూత్రం ఒకటున్నది. నిశ్చయంగా తెలిసినది శంక వలన పోదు. స్పష్టమైన ఆధారం దొరికేవరకు వుజూ ఉన్నట్లే. నాకు మేలు చేసినది ఈ సూత్రమే. ఒక పరీక్ష సరిగా జరిగి ఫలితం వచ్చిన తరువాత, కొత్త ఆధారం కనబడేవరకు ఆ ఫలితమే నిలుస్తుంది. నిన్నటి నొప్పే ఈ రోజూ ఉండుట కొత్త ఆధారం కాదు. అయితే ఈ పోలికకు హద్దున్నది. కాళ్ళలో బలం తగ్గుట, తిమ్మిరి పైకి పాకుట, మూత్రం పట్టు తప్పుట, కారణం లేక బరువు తగ్గుట, రాత్రి జ్వరం రావడం, ఇవి శంకలు కావు, ఆధారాలు. వీటితో ఒక్క రోజు కూడా ఆగరాదు.

మరొక పొరపాటు మన ధార్మిక కుటుంబాలలోనే ఎక్కువ. నొప్పి అని చెప్పుకొనుట సహనానికి విరుద్ధమని తలుస్తారు. ఇమామ్ బుఖారీ తమ గ్రంథంలో రోగుల అధ్యాయమందు, నాకు నొప్పిగా ఉన్నదని రోగి చెప్పుకొనుటకు గల అనుమతిని గూర్చి ప్రత్యేకంగా ఒక శీర్షికే పెట్టారు. ఆ శీర్షికలోనే హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తన ప్రభువుకు చేసుకొన్న మొరను జోడించారు. హజ్రత్ ఆయిషా (రజి) తలనొప్పి అన్నపుడు దైవప్రవక్త (సల్లం) తమకూ తలనొప్పిగా ఉన్నదని చెప్పిన ఉదంతం అక్కడే ఉన్నది. ఖుర్ఆన్ సహనశీలి అని కొనియాడిన అయ్యూబ్ మొరపెట్టుకొన్నవారే. మా ఖాలా నోరు మూయించినది ధర్మం కాదు, మేము.

క్రీస్తు శకం 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ, శరీరాల ఆరోగ్యం, ఆత్మల ఆరోగ్యం అనే రెండింటినీ ఒకే గ్రంథంలో చేర్చి ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ రచించారు. ఆత్మ భాగాన్ని మాలిక్ బద్రీ 2013లో ఆంగ్లంలోనికి అనువదించారు. బల్ఖీ అందులో వస్వాస్‌కు ఒక అధ్యాయమే కేటాయించారు. అట్టివాడు ఒంటరిగా, పనిలేక కూర్చుండరాదని ఆయన సలహా. జబ్బు పడకముందే ఇంటిలో మందులు నిల్వ చేసుకొన్నట్లు, మనసు నెమ్మదిగా ఉన్నపుడే మంచి ఆలోచనలను కూర్చి పెట్టుకొని, భయం వచ్చినపుడు వాటిని తీయమంటారు. వేయి సంవత్సరాల క్రితపు మాటలని అబ్బురపడుట మనకు అలవాటు. అబ్బురపడి పుస్తకం మూసివేయకుండా, చేసి చూచుట అరుదు.

చేయవలసినది ఆచరణలో ఇట్లుంటుంది. ఒకే వైద్యుని వద్ద నిలకడగా చూపించుకొనుట, కాగితాలన్నీ ఒకే సంచిలో తేదీల ప్రకారం ఉంచుట. మన ప్రాంతం వారు, చిన్నతనంలో ఏ ఊరి నీళ్ళు ఎన్నేళ్ళు తాగారో మొదటి రోజే చెప్పాలి. అడగకుంటే పట్నం వైద్యునికి ఆ సంగతి తట్టకపోవచ్చు. ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్, విటమిన్ డి, థైరాయిడ్, చక్కెర, మూత్రపిండాల పరీక్షలు అవసరమా అని అడగవచ్చు. తాగే నీటిని కూడా పరీక్ష చేయించాలి. 2016లో మిషన్ భగీరథ మొదలై నది నీరు గ్రామాలకు చేరింది కాని, నల్లా రాని రోజున పాత బోరు నీటినే వండుటకు వాడే ఇళ్ళు నేనెరుగుదును. ఎముకను తిరిగి పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. అందుచేత నీరు మార్చుట, పాలు మొదలగు కాల్షియం ఆహారం, సి విటమిన్ గల ఉసిరి, జామ వంటి పండ్లు, ఇవే మన చేతిలో ఉన్నవి. నొప్పి బిళ్ళలను సలహా లేక ఏళ్ళ తరబడి మింగరాదు. ఫ్లోరైడ్‌ను బయటకు పంపేది మూత్రపిండాలు, ఆ బిళ్ళలు వాటినే దెబ్బతీస్తాయి. ఇక తావీజు కట్టే ఆమిల్ వద్దకు పోయేవారితో నాకు వాదన లేదు. ఎక్స్‌రేకు ఉంచిన డబ్బు మాత్రం అక్కడ ఖర్చు పెట్టరాదని చెబుతాను. వంగలేనివారు కుర్చీలో కూర్చుని, సైగతో నమాజు చేయుటకు షరీఅత్ ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకొనుటలో సిగ్గు పడవలసినదేమీ లేదు. ఖాలా చివరి పదేళ్ళు అట్లే చేసింది.

ఇప్పుడు నన్ను చూచే నల్లగొండ వైద్యుడు కాగితాలన్నీ చదివి, ‘మౌల్వీసాబ్, ముంజేతిలో నాకేమీ కనబడలేదు. విటమిన్ డి తక్కువుంది, దానికి మందు ఇస్తున్నా. ఫ్లోరైడ్ అని ఖాయంగా చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఏడాదికి మళ్ళీ తీద్దాం’ అన్నాడు. ఇన్నాళ్ళలో నాకు అత్యంత నెమ్మదినిచ్చిన మాట అదే, షక్‌ను షక్ అని పిలిచాడు గనుక. మందుతో నడుము కొంత తేలికపడింది, మెడ పడలేదు. నొప్పులు వ్రాసుకొనే నోటుపుస్తకాన్ని మా ఇంటావిడ తన పెట్టెలో పెట్టుకొని, గురువారం మగ్రిబ్ తరువాత పావుగంట సేపు మాత్రం నాకిస్తున్నది. రజబ్ నెలలో ఎక్స్‌రే తీయించుకోవాలి.