పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఒకదాని మీద మీకు మనసు పడింది. వంగి చేతిలోకి తీసుకున్నారు. మళ్లీ కింద పెట్టేదాకా ఆ పుస్తకం ఇంకెవరికీ అమ్ముడుపోదు. మీరు ధర అడుగుతున్నా, అట్ట లోపల ఎవరిదో సంతకం చదువుతున్నా, జేబులో చిల్లర వెతుకుతున్నా పక్కనున్న మనిషి ఆగాల్సిందే. ఎక్కడా రాసిలేని ఈ కట్టుబాటును నిలబెడుతున్నది మీ చెయ్యి.

అదే అంగడిని ఇంటర్నెట్‌లో పెడదామనుకోండి. ఇల్లు సర్దుకుంటూ పుస్తకాలు అమ్మేయాలనుకునేవాళ్లు ఒకవైపు, వెతుక్కునేవాళ్లు మరోవైపు. ఒకప్పుడు దీనికి ప్రోగ్రామర్ కావాలి, సర్వర్ కావాలి, అన్నిటికీ మించి డబ్బు కావాలి. ఇప్పుడు ఒక్క లైను కోడ్ రాయకుండా రెండు మూడు సాయంత్రాల్లో నిలబెట్టుకోవచ్చు. అలా నిలబెట్టే పనిముట్టుకు నోకోడ్ డేటాబేస్ అని పేరు. చూడ్డానికి గళ్ల కాగితంలా ఉంటుంది. దాని వెనక అరవై ఏళ్ల కథ ఉంది. ఆ కథలో సగం మాత్రమే మన చేతికి వచ్చిందనీ, అంగడి పెట్టేవాళ్లు ఆ మిగతా సగం గురించి తెలుసుకుని తీరాలనీ నా నమ్మకం.

చంద్రుడి మీదకు మనుషుల్ని పంపిన సాటర్న్-5 రాకెట్ దగ్గర మొదలుపెడదాం. దాని భాగాల జాబితా కాగితాలకు లొంగేది కాదు. ఆ లెక్క చూడటానికి ఐబీఎం కొన్ని భాగస్వామ్య సంస్థలతో కలిసి తయారుచేసిన ఐఎంఎస్ అనే డేటాబేస్ 1968లో పని మొదలుపెట్టింది. అందులో సమాచారం చెట్టులా ఉండేది: మాను, కొమ్మ, రెమ్మ, ఆకు. ఫలానా మరమేకు ఎక్కడెక్కడ వాడారో తెలియాలంటే ఏ కొమ్మ మీదుగా ఏ రెమ్మకు వెళ్లాలో ప్రోగ్రామర్‌కు ముందే తెలిసి ఉండాలి. కొమ్మల అమరిక మారితే పాత ప్రోగ్రాములకు దారి తప్పేది. ఆ కాలపు మరో డేటాబేస్ దిగ్గజం చార్లెస్ బాక్‌మన్ 1973లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ ప్రోగ్రామర్‌ను ఓడ నడిపే నావికుడితో పోల్చాడు. దారులు తెలిసినవాడిదే రాజ్యం అన్నమాట.

ఆ దారులు తెలియాల్సిన అవసరమే ఉండకూడదన్నవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండ్‌లో పుట్టాడు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానం నడిపాడు, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివాడు. కాలిఫోర్నియాలో ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో ఉండగా 1970లో ఒక వ్యాసం ప్రచురించాడు. యంత్రం లోపల సమాచారం ఎలా పేర్చి ఉందో వాడుకునేవాళ్లకు తెలియాల్సిన పని ఉండకూడదు అన్నది అందులో మొదటి మాటే. అన్నిటినీ పట్టికలుగా పెట్టండి, పట్టికకూ పట్టికకూ మధ్య దారులు వేయకండి, రెండింట్లోనూ ఉమ్మడిగా ఉన్న విలువే వాటిని కలుపుతుంది అన్నాడు.

ఇది మన పాత కొట్ల లెక్కలతో పోలిస్తే బాగా అర్థమవుతుంది. ఆ కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. రోజంతా జరిగింది జరిగినట్టు వరసగా చిట్టాలో పడేది. తర్వాత గుమాస్తా తీరిగ్గా కూర్చుని ఒక్కో పద్దునూ ఆ మనిషి పేరున్న ఆవర్జా పుటలోకి ఎక్కించేవాడు. ఒకే సంగతి రెండు చోట్ల రాయడం వల్ల, ఎక్కించడంలో చెయ్యి తప్పితే రెండు పుస్తకాలూ రెండు మాటలు చెప్పేవి. కాడ్ పద్ధతిలో ఆవర్జాను రాయరు. సంగతి ఒక్కచోటే ఉంటుంది. ఎవరి పుట కావాలో అడిగితే అప్పటికప్పుడు కూడి వస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు పరీక్షల కోసం బట్టీపట్టే నార్మల్ ఫారాలు ఈ ఒక్క ఆలోచనను గట్టిపరచడానికి కాడ్ మొదలుపెట్టిన నియమాలే. అలా చెప్పి ఉంటే బట్టీ పట్టాల్సి వచ్చేది కాదు.

ఐబీఎంకు అప్పటికే ఐఎంఎస్ మీద మంచి వ్యాపారం ఉంది. సొంత ఇంట్లో పుట్టిన ఆలోచనను అది తాపీగా నడిపించింది. ఈలోగా 1979లో అదే ఆలోచన మీద కట్టిన ఒరాకిల్ డేటాబేస్ బజారులోకి వచ్చేసింది. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు దక్కింది.

కానీ పట్టికలను ప్రశ్నించడానికి ఎస్‌క్యూఎల్ అనే భాష నేర్వాలి. మామూలు మనిషి మళ్లీ గుమ్మం బయటే. ఆ గుమ్మాన్ని తెరవడానికి ప్రయత్నించినవాళ్లలో ఐబీఎంకే చెందిన మోషే జ్లూఫ్ ఒకడు. 1970ల మధ్యలో ఆయన ఒక ఖాళీ పట్టిక చూపించి, మీకు కావలసినదానికి ఒక ఉదాహరణ గడిలో నింపండి చాలు అన్నాడు. నోకోడ్ పనిముట్లకు తాతగారెవరని అడిగితే నేను ఆయన పేరే చెబుతాను.

జనం మాత్రం వేరే పట్టికను ఆదరించారు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌ల విజికాల్క్‌తో స్ప్రెడ్‌షీట్ వచ్చింది. ఏ గడిలో ఏదైనా రాయొచ్చు. ఆ స్వేచ్ఛే దాని అందం, దాని ప్రమాదం కూడా. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట 'రేపు చేస్తానన్నారు' అని రాసినా అది ఊరుకుంటుంది. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కోవిడ్ పరీక్షల ఫలితాలను పాతరకం ఎక్సెల్ ఫైళ్లలోకి దించింది. ఆ రకం షీటులో 65,536 అడ్డువరసలకు మించి పట్టవు. మించినవి రాలిపోయాయి. 15,841 మంది రోగుల వివరాలు కొద్దిరోజులపాటు లెక్కకే రాలేదు. వాళ్లను కలిసినవాళ్లను హెచ్చరించడం అంతమేరకు ఆలస్యమైంది. పట్టికలా కనిపించే ప్రతిదీ డేటాబేస్ కాదని ఇంతకంటే బాధగా నేర్పిన సంఘటన నాకు తెలియదు.

స్ప్రెడ్‌షీట్ ముఖమూ కాడ్ ఎముకలూ కలిపితే వచ్చినవే ఇప్పటి నోకోడ్ డేటాబేస్‌లు. చెన్నై సంస్థ జోహో తన క్రియేటర్‌ను 2006లోనే తెచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో మొదలైన ఎయిర్‌టేబుల్ 2015లో అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఎయిర్‌టేబుల్‌లో మన పుస్తకాల అంగడి ఇలా ఉంటుంది. అమ్మేవారు, పుస్తకాలు, కొనేవారు, ఆర్డర్లు అని నాలుగు పట్టికలు. పుస్తకం వరసలో అమ్మే మనిషి పేరు టైపు చేయం, ఆ మనిషి వరసకే లింకు వేస్తాం. ఆయన ఫోన్ నంబరు మారితే ఒక్కచోట దిద్దితే చాలు. పుస్తకం చేర్చడానికి అమ్మేవాళ్లకు ఒక ఫారం, ఎవరి పుస్తకాలు వాళ్లకు కనబడేలా ఒక్కో వ్యూ, ఆర్డరు పడగానే మెయిల్ వెళ్లేలా ఒక ఆటోమేషన్. గుమాస్తా పని అంతా అయిపోయింది. అల్మారా నిండా పుస్తకాలున్న ఒక రిటైర్డ్ మాస్టారు ఎవరినీ బతిమాలకుండా ఇది కట్టుకోగలగడం చిన్న సంగతి కాదు. కాడ్ కోరుకున్నది ఇదే.

చిన్నచిన్న అడ్డంకులున్నాయి. బయటి వెబ్‌సైటు ఈ పట్టికలను నేరుగా అడిగితే, ఒక బేస్‌కు, అంటే ఇలాంటి పట్టికల కట్టకు, సెకనుకు 5 అభ్యర్థనలే ఎయిర్‌టేబుల్ ఒప్పుకుంటుంది. అందులో పెట్టిన బొమ్మల లింకులకు కొన్ని గంటల్లో కాలం చెల్లిపోతుంది కాబట్టి అట్టల ఫొటోలు వేరేచోట దాచుకోవాలి. ఇవి సర్దుకోగలిగినవే. అసలు చిక్కు వేరు.

పాత పుస్తకం ఒక్కటే ప్రతి. విజయవాడలో ఒకరు, డాలస్‌లో ఒకరు ఒకే సమయంలో దాన్ని చూస్తున్నారు. వెబ్‌సైటు మొదటివారి తరఫున అడిగింది: ఉందా? ఉంది. రెండోవారి తరఫునా అడిగింది: ఉందా? ఉంది. ఇద్దరూ డబ్బు కట్టారు. ఇద్దరి ఆర్డర్లూ పడ్డాయి. అడగడానికీ రాయడానికీ మధ్య సెకనులో పదోవంతు సందు, ఆ సందులో పుస్తకం ఎవరి చేతిలోనూ లేదు.

ఈ సందును మూయడానికి జీవితం ధారపోసినవాడు జిమ్ గ్రే. శాన్ హోసేలో కాడ్ పట్టికలకు ప్రాణంపోసిన సిస్టం-ఆర్ బృందంలో పనిచేశాడు. చూడటం, డబ్బు తీసుకోవడం, అమ్మేశామని రాయడం అన్నీ కలిపి ఒకే ముడి కావాలి, జరిగితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఆ ముడి పేరే ట్రాన్సాక్షన్. ముడి పడేదాకా ఆ వరసకు తాళం వేసి ఉంటుంది. అబిడ్స్‌లో మీ చెయ్యి చేసిన పని ఈ తాళం చేస్తుంది. గ్రేకు 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007 జనవరిలో తల్లి అస్థికలు కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా తెరచాప పడవలో ఫారలాన్ దీవులవైపు వెళ్లి తిరిగి రాలేదు. అమెజాన్ మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ పనుల సంతలో ఉపగ్రహ చిత్రాలు పెడితే వేలమంది వాటిలో ఆయన పడవ కోసం వెతికారు. దొరకలేదు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

పెద్ద డేటాబేస్‌లు గ్రే చెప్పిన ఆ ముడిని ప్రోగ్రామర్ చేతికి ఇస్తాయి. ఎయిర్‌టేబుల్ తన లోపల ఎంత జాగ్రత్తగా రాసుకున్నా, బయటి వెబ్‌సైటు అడగడాన్నీ రాయడాన్నీ కలిపి కట్టే తాడు మనకు ఇవ్వదు. మన చేతికి రాని సగం కథ ఇదే. అలాగని అంగడి మూసేయక్కర్లేదు. దారి గ్రే 1981 వ్యాసంలోనే ఉంది. మట్టిపలకల మీద, సిరాతో లెక్కలు రాసిన కాలంలో లెక్కల మనుషులు పాత పద్దును చెరిపేవారు కాదనీ, తప్పు దొర్లితే దాన్ని సరిచేసే కొత్త పద్దు రాసేవారనీ ఆయన గుర్తుచేశాడు. ఉన్నదాన్ని చెరిపి అక్కడే కొత్తది రాసే కంప్యూటర్ అలవాటు విషపు పండేమో అని సందేహించాడు.

అంటే మన చిట్టాయే. 'ఉందా' అని అడిగి 'అమ్మేశాం' అని దిద్దడం మానేయండి. ఎవరు అడిగినా ఆర్డర్ల పట్టికలో కొత్త వరసగా పడనివ్వండి. ప్రతి వరసకూ ఆటోనంబర్ ఫీల్డ్ ఒక అంకె వేస్తుంది, రెండు వరసలకు ఒకే అంకె ఎప్పుడూ పడదు. పుస్తకం వరసలో ఒక రోలప్ (లింకైన వరసల విలువలను కూడదీసి చూపే ఫీల్డ్) పెట్టి, రద్దుకాని ఆర్డర్లలో అన్నిటికంటే చిన్న అంకె ఏదో చూడమనండి. పుస్తకం ఆ అంకెవాళ్లది. విజయవాడవారికి 214 పడితే యూపీఐ లింకు వాళ్లకే వెళ్తుంది. 215 పడ్డ డాలస్‌వారికి డబ్బు అడగకముందే క్షమాపణ వెళ్తుంది. 214 వారు రెండురోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ వరస మీద 'రద్దు' అని గుర్తు పెడతాం, 215 తనంతట తానే ముందుకొస్తుంది.

పుస్తకం 214 వారికే చేరిపోయినా 215ను తుడిచేయకండి. మరో ఇంటి అల్మారాలోంచి అదే పుస్తకం ఇంకో ప్రతి బయటికి వచ్చినరోజు మొదటి కబురు పంపాల్సింది వాళ్లకే.