పాట ఆగినా చెవిలో మోత ఎందుకు?

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌ను ఫార్ములా వన్ కార్ల పందేల కోసం కట్టారు. 2012లో అదే ఆవరణలో ఎన్‌హెచ్7 వీకెండర్ సంగీతోత్సవం జరిగింది. సొంతంగా పాటలు కట్టుకునే ఇండీ రాక్ బ్యాండ్లు ఇలాంటి ఆరుబయట ఉత్సవాల్లో ఒకదాని తర్వాత ఒకటి వేదిక ఎక్కుతాయి. రోజంతా విని ఇంటికి చేరిన శ్రోతకు చెవిలో గుయ్‌మని మోత వినిపించవచ్చు. పక్కవారి మాటలు చెవిలో దూది పెట్టుకున్నట్టు మందంగా అనిపించవచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇది తగ్గిపోతుంది. మరి చెవి పూర్తిగా కోలుకున్నట్టేనా?

గోడలు లేని చోట

గదిలో శబ్దం గోడలకు తగిలి తిరిగి వస్తుంది. ఆరుబయట ఆ ఆసరా ఉండదు. మామూలు స్పీకరు నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. వరుసగా వేలాడదీసే పెద్ద స్పీకర్లలో తగ్గుదల కొంత నెమ్మదిగా ఉంటుంది. అయినా వెనక ఉన్నవారికి పాట అందాలంటే శబ్దం పెంచక తప్పదు. ఆ భారం ముందు నిలబడ్డవారి చెవుల మీద పడుతుంది.

3 డెసిబెళ్లకు సమయం సగం

శబ్దం 3 డెసిబెళ్లు పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపవుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ‘నయోష్’ కార్మికులకు సూచించిన పరిమితి రోజుకు 85 డెసిబెళ్ల వద్ద 8 గంటలు. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2, 94 వద్ద గంట, 97 వద్ద అరగంట. 100 డెసిబెళ్ల వద్ద మిగిలేది 15 నిమిషాలే, అంటే మూడు నాలుగు పాటలు.

లోపలి చెవిలో జరిగేది

నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్ద కంపనాలను గ్రహించి నాడీ సంకేతాలుగా మార్చేది ఇవే. పెద్ద మోతకు ఇవి దెబ్బతింటాయి. చనిపోతే పక్షుల్లో మళ్లీ పుడతాయి, మనుషుల్లో పుట్టవు. షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ 2009లో ప్రచురించిన ఎలుకల పరిశోధన మరో విషయం చెప్పింది. పెద్ద శబ్దం తర్వాత వినికిడి మామూలు స్థాయికి వచ్చినా, రోమకణాలను నాడితో కలిపే సంధులు కొన్ని శాశ్వతంగా పోయాయి. కాబట్టి మోత తగ్గినంత మాత్రాన నష్టమేమీ లేదనుకోలేం.

చిన్న అడ్డు, పెద్ద తేడా

2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక ఆరుబయట ఉత్సవంలో 51 మందిపై పరిశోధన జరిగింది. నాలుగున్నర గంటల పాటు సగటు శబ్దం 100 డెసిబెళ్లు. ఇయర్‌ప్లగ్ పెట్టుకోని వారి చెవుల్లో 42 శాతానికి తాత్కాలికంగా వినికిడి తగ్గింది. పెట్టుకున్నవారిలో అది 8 శాతమే.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు బహిరంగ ప్రదేశపు సరిహద్దు వద్ద శబ్దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. అవి ముఖ్యంగా ఇరుగుపొరుగుకు రక్షణ. వేదిక ముందున్న శ్రోత చెవికి చేరే మోతాదుకు అది కొలత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు ఇచ్చిన ప్రమాణాల్లో ఆ శ్రోత గురించిన మాట ఉంది: సగటు శబ్దం 100 డెసిబెళ్లు దాటకూడదు, ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలి, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం ఉండాలి.

శ్రోత చేతిలోనూ కొంత ఉంది. స్పీకర్లకు దూరంగా నిలబడటం, మధ్యమధ్యలో పక్కకు వెళ్లడం, జేబులో ఒక జత ఇయర్‌ప్లగ్‌లు ఉంచుకోవడం. మోత రెండు మూడు రోజులకూ తగ్గకపోతే, లేదా వినికిడి ఒక్కసారిగా పడిపోతే, ఆలస్యం చేయకుండా చెవి వైద్యులను కలవాలి.