చదరంగపు గడులలోని సంఖ్య

రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు నేటికిని కలవు. 1911లో చిత్తూరు వేరు జిల్లా యగువరకు ఈ సీమ యంతయు ఉత్తరార్కాటు జిల్లాయే. తమిళము విధిగా నేర్వవలెనను చట్టము 2006లో వచ్చినది మొదలు, ఇచ్చటి పిల్లలకు తెలుగు చదువుటకు చిక్కు సమయము స్వల్పము. ఆ స్వల్పకాలములో చూపదగిన లెక్క యొకటి పావులూరి మల్లన పేర ప్రసిద్ధమై యున్నది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలిగించినవాడు మల్లన.

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు 64 గడులు నింపిన మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. కిలోకు 50,000 బియ్యపుగింజలని కొన్నచో, ఇది నేటి ప్రపంచపు పంటలో సుమారు ఏడువందల యేండ్ల బియ్యము.

పద్యములో ఈ యిరువది యంకెలును భూతసంఖ్యలుగా నున్నవి. చంద్రుడన ఒకటి, శరములన ఐదు, ఆకాశమన సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. ఇచ్చట నొక చిక్కు కలదు. అవ్వ కథలు విన్న పిల్లవాడు సముద్రములు ఏడనును. ఈ లెక్కలో సముద్రములు నాలుగే. అతడు ఒకచోట నాలుగునకు ఏడు వేసినచో అంకెల మొత్తము 87కు మారుగా 90 అగును. రెండును మూడింట భాగింపబడును గనుక మూడింటి పరీక్షకు తప్పు దొరకదు. తొమ్మిదింటి పరీక్షకు దొరకును. రెట్టింపులను తొమ్మిదింట భాగించిన శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసిగా తిరిగి వచ్చుచుండును. అరువదినాలుగవ రెట్టింపునకు శేషము 7. అందొకటి తీసిన 6. 87కును శేషము 6, 90కి సున్న. నిఘంటువు చేతలేకున్నను తప్పు బయటపడును!

ఈ సంఖ్య బేసి, సంయుక్తము. దాని భాజకములలో తనను విడిచి తక్కినవాని మొత్తము తనకంటె తక్కువ గనుక న్యూనసంఖ్యల తెగలోనిది. అంతకంటె ముచ్చటైనది దాని విభజనము. రెండవ, మూడవ, ఐదవ, తొమ్మిదవ, పదునేడవ, ముప్పదిమూడవ గడులలోని గింజలకు ఒక్కొక్కటి చేర్చి, వచ్చిన ఆరింటిని గుణించిన ఈ సంఖ్యయే వచ్చును. అవి 3, 5, 17, 257, 65537, 4294967297. మొదటి యైదును ప్రధానసంఖ్యలు. ఆరవదియు నట్టిదే యని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 17వ శతాబ్దిలో తలచెను. 1732లో ఆయిలర్ అది 641చే భాగింపబడునని చూపెను. గుడియాత్తము బడిపిల్లవాడు సైతము పలకమీద భాగించి చూడవచ్చును: లబ్ధము 6700417, శేషము సున్న.