షజ్రాలో లేని దాదీ పేరు

టెక్కలి, పలాస, కాశీబుగ్గ, ఇచ్ఛాపురం ప్రాంతాలలో మన కుటుంబాలు పిడికెడే. అయినా ఏ ఇంట కూర్చుని పెద్దలను కదిపినా "మావాళ్లు ఫౌజులో ఉండేవారు" అన్న మాట తప్పక వినిపిస్తుంది. ఏ ఫౌజు, ఏ పటాలం, ఎప్పటి సంగతి అని రెండో ప్రశ్న వేస్తే మాత్రం సంభాషణ చాయ్ మీదికి మళ్లుతుంది. కొందరు శ్రీకాకుళం జామియా మస్జిదును గుర్తు చేస్తారు. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మస్జిదు అది. ఆ ఫౌజ్‌దారు వెంట వచ్చిన సర్దార్ల సంతానమే తామంటారు. కావచ్చు, కాదనడానికి మేమెవరం? కానీ మా అభిప్రాయంలో ఈ మాట వెనుక ఎక్కువ ఇళ్లలో ఉన్నది సర్దారు కాదు, కుంఫిణీవారి మద్రాసు ఫౌజులో నెలజీతానికి పనిచేసిన మామూలు సిపాయీ. అతని జాడ దొరకాలంటే కత్తులూ పతకాలూ వెదకడం కంటే, అతడు పోయాక అతని బేవా అందుకున్న పింఛను కాగితాన్ని వెదకడం మేలు.

ఇలా ఎందుకు అంటున్నామో వివరిస్తాము.

మన ఇళ్లలో షజ్రా ఉంటే అది ఎలా ఉంటుందో పాఠకులకు తెలుసు. తండ్రి, తండ్రికి తండ్రి, ఆయనకు తండ్రి. కొమ్మలన్నీ కొడుకులే. ఆ కొడుకులను కన్న తల్లుల పేర్లు ఉండవు. పెద్దింటి షజ్రాలలో ఎక్కడో ఒక చోట 'ఫలానా ఖాన్ సాహెబ్ కుమార్తె' అని ఉంటుంది తప్ప ఆ కుమార్తె పేరేమిటో ఉండదు. పర్దా అదబు పేరుకు కూడా వర్తించిందనుకోవాలి. సర్కారుకు ఆ అదబుతో పనిలేదు. డబ్బు ఇవ్వాలంటే ఎవరికి ఇస్తున్నారో తెలియాలి. అందుకే పింఛను కాగితంలో ఆమె పేరు, వయసు, ఉన్న ఊరు, భర్త పేరు, హోదా, పటాలం అన్నీ రాశారు. ముఖం మీద పుట్టుమచ్చ ఎక్కడుందో రాశారు. కింద వేలిముద్ర వేయించారు. వంశవృక్షంలో చోటు దొరకని స్త్రీకి ఖజానా పుస్తకంలో చోటు దొరికింది.

కాశీబుగ్గలో ఒక ఇంట ఎనభై దాటిన పెద్దావిడను మేము అడిగాము: "దాదీ, మీ అత్తగారి పేరేమిటి?" ఆమె నవ్వారు. "అత్తను పేరు పెట్టి ఎవరు పిలుస్తారు మౌల్వీ సాబ్? ఊరంతా హవల్దారమ్మ అనేవారు. మేమూ అంతే." ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టిన పింఛను కాగితం తీయించి చదివితే హవల్దారమ్మకు అసలు పేరు ఉంది. అంతకన్నా విశేషం మరొకటి కనిపించింది. పింఛను అందుకునే ఖజానాను టెక్కలి నుండి సోంపేటకు మార్చినట్టు ఎర్ర సిరాతో ఒక వరస ఉంది. ఎందుకు మార్చారని అడిగితే కాసేపు ఆలోచించి, "భర్త పోయాక కొన్నేళ్లు పుట్టింట్లో ఉన్నదని చెప్పుకునేవారు. ఆ పుట్టిల్లు ఎక్కడో మాకెవరూ చెప్పలేదు" అన్నారు దాదీ. ఇప్పుడు వెదకవలసిన వైపు తెలిసింది.

ఫౌజుకూ వంశావళికీ ఉన్న సంబంధం కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో (క్రీ.శ. 634-644) సైనికుల భత్యాల కోసం దీవాన్ ఏర్పడింది. ఆ పట్టికలు రాయడానికి ఆయన పిలిపించింది లెక్కల గుమాస్తాలను కాదు, అరబ్బుల వంశావళులు కంఠతా తెలిసిన అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి) గార్లను. దైవప్రవక్త (స) సతీమణులకు, ఇతర స్త్రీలకు, పిల్లలకు కూడా భత్యాలు ఏర్పరచారు. మొదట పాలు మానిన బిడ్డకే భత్యం ఉండేది. దానికోసం ఒక తల్లి ముందుగానే పాలు మాన్పిస్తుంటే బిడ్డ ఏడుపు విన్న ఖలీఫా, పుట్టిన నాటి నుండే భత్యం ఇవ్వమని ఆజ్ఞాపించారు. ఉర్దూ చదివే పాఠకులు మౌలానా షిబ్లీ నోమానీ 1899లో వెలువరించిన 'అల్ ఫారూఖ్'లో దీవాన్ ప్రకరణం చూడవచ్చు.

మొఘలుల కాలం నాటికి ఇదే 'చెహ్రా' అయింది. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ దఫ్తరాలు ఉన్నాయి. అందులోని అర్జ్-ఒ-చెహ్రా కాగితాలలో సిపాయీ పేరు, తండ్రి పేరు, తెగ, రంగు, మచ్చలు, గాయపు గుర్తులు, అతని గుర్రం గుర్తులు కూడా ఫారసీలో రాసి ఉంటాయి. కుంఫిణీ దొరలు 'గుర్తింపు చిహ్నాలు' అన్నది ఈ చెహ్రాకు మరో పేరే.

ఇక మన తీరం సంగతి. ఉత్తర సర్కారులు 1760ల మధ్యలో కుంఫిణీ చేతికి వచ్చాయి. ఈ సర్కారుల నుండి తెలుగు సిపాయీలనూ ముస్లిం సిపాయీలనూ వారు చేర్చుకున్నారు. పాత దొరల కాగితాలలో 'జెంటూ' అంటే తెలుగువాడు, 'ముసల్మాన్' అంటే మనవాడు. సిపాయీకి ఓడ ప్రయాణమంటే భయం. తాను పోతే ఇంటివాళ్ల గతేమిటన్నది అందులో పెద్ద భాగమని మా నమ్మకం. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదర్ అలీ మీది యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమన్నప్పుడు సిపాయీలు తిరగబడి అధికారుల మీద కాల్పులు జరిపారు. తర్వాత తర్వాత, సముద్రం దాటి వెళ్లే సిపాయీ జీతంలో కొంత భాగం ఇంటి దగ్గర భార్యకో తల్లికో అందే ఏర్పాటు వచ్చింది. చనిపోయినవారి కుటుంబానికి పింఛను వచ్చింది. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో రంగూన్ వెళ్లిన సేనలో పెద్ద భాగం మద్రాసు సిపాయీలే.

మద్రాసు ఫౌజుకు మరో ఆచారం ఉండేది. భార్యాబిడ్డలు పటాలం వెంటే లైన్లలో కాపురం ఉండేవారు. సిపాయీ కొడుకులను చిన్నతనంలోనే కొద్దిపాటి జీతానికి 'రిక్రూటు బాయి'గా, తండ్రి పోయినవాణ్ణి 'పింఛను బాయి'గా పటాలం పట్టీలో రాసేవారు. కనుక మీ ముత్తాత సికింద్రాబాదులోనో, కాంప్టీలోనో, బర్మాలోని మౌల్మీన్‌లోనో పుట్టినట్టు కనిపిస్తే ఆశ్చర్యపడకండి. ఆయన పరాయివాడు కాదు, పటాలం ఎక్కడుంటే అక్కడ పుట్టాడు. ఆ ఊరిని స్వస్థలం అనుకుని వెదుకుతూ పోతే మాత్రం దారి తప్పినట్టే.

పటాలం పట్టీలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. మద్రాసు సర్కారు మిలిటరీ శాఖ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో, మరికొన్ని లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అయితే దొర సిపాయీల విధవల పేర్లు వెదికినంత సుఖంగా మనవారివి దొరకవు. మీర్ జాఫర్ ఇచ్చిన సొమ్ముతో 1770లో ఏర్పడిన లార్డ్ క్లైవ్ నిధి కుంఫిణీ యూరోపియన్ సైనికుల కోసం, వారి విధవల కోసం. బెంగాల్ నవాబు ధనం, అందుకున్నది దొరసానులు. మన సిపాయీల సంగతికి వస్తే ఒక్కో పటాలంలో ఎందరు షేక్ హుస్సేన్లు, ఎందరు షేక్ ఇమామ్‌లు ఉండేవారో లెక్కేలేదు. తండ్రి పేరు, ఊరు, భార్య పేరు కలిసి ఉన్న కాగితం చేతిలో లేకుండా వాటిలోకి దిగడం ఉప్పుటేరులో ఉంగరం వెదకడమే.

ఊరి పేరు దగ్గర ఇంకో చిక్కు. మన ప్రాంతం ఏ జిల్లా అని ఈనాటి పిల్లలు శ్రీకాకుళమనే వెదుకుతారు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. అంతకుముందు 1936 నుండి మనం విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, చివరికి శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోనివి. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో ఉండేది. ఒకే ఇంట తాత గంజాం సిపాయీ, తండ్రి విశాఖపట్నం సిపాయీ, కొడుకు శ్రీకాకుళం జవాను అయిన కుటుంబాలు ఉంటాయి. ముగ్గురూ ఒకే గుమ్మంలోంచి బయలుదేరినవారే. దీనికి తోడు దొరల స్పెల్లింగులు. శ్రీకాకుళం 'చికాకోల్', కళింగపట్నం 'కాలింగపటం' అయి కూర్చున్నాయి.

1881 నుండి 1885 వరకు మద్రాసు సర్వసేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, దక్షిణాది సిపాయీ యుద్ధానికి పనికిరాడని తేల్చాడు. ఆ తరువాత మద్రాసు పటాలాలు కొన్ని రద్దయ్యాయి, కొన్నింటిని ఉత్తరాదివారితో నింపారు. ఎన్నో కుటుంబాల ఫౌజు కథ అక్కడ తెగి, మళ్లీ ప్రపంచ యుద్ధాల దగ్గర మొదలవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం గురించి చెప్పుకోదగ్గ సౌకర్యం పంజాబువారికి దక్కింది. యుద్ధం ముగిశాక 1919లో ఊరూరా రాయించిన రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో మిగిలాయి. 26 వేల పుటలు, సుమారు 3 లక్షల 20 వేల మంది వివరాలు. 2021 నుండి కంప్యూటరులో ఎవరైనా చూడగలిగేలా వాటిని పెట్టడం మొదలైంది. మనవైపు అంత వడ్డించిన విస్తరి లేదు. బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సిపాయీలను కేవలం సంఖ్యలుగా వదిలేశారు. ఇలాంటి భేదభావం చూపినందుకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో క్షమాపణ చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం దగ్గరికి వస్తే పరిస్థితి మెరుగు. రంగూన్ సమీపంలోని తౌక్యాన్‌లో సుమారు 27 వేల పేర్లు, సింగపూర్ క్రాంజీలో 24 వేలకు పైగా పేర్లు రాతి మీద ఉన్నాయి. అదే సంఘం వివరాల పట్టికలో చాలామంది భారతీయ సిపాయీల పేరు పక్కన 'ఫలానావారి కుమారుడు, ఫలానా బీబీ భర్త, ఫలానా గ్రామం' అని ఉంటుంది. మళ్లీ భార్య పేరే! చేతిలోని ఫోనులో రుసుము లేకుండా వెదకవచ్చు. జిల్లా పేరు దగ్గర విశాఖపట్నమని కొట్టి చూడండి.

ఆ యుద్ధం నుండి ప్రాణాలతో తిరిగి వచ్చినవారిలో ఎందరికో పింఛను లేదు. కొంత సొమ్ము చేతిలో పెట్టి పంపేశారు. వారికీ, వారి విధవలకూ తరువాత సైనిక సంక్షేమ శాఖ ద్వారా సాయం అందింది. కనుక శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గడప తొక్కండి. స్వాతంత్ర్యం తరువాత చేరినవారి 'షీట్ రోల్', బంధువుల పట్టిక రెజిమెంటు రికార్డు ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లది బెంగళూరులో. ఆర్మీ నంబరు లేకుండా రాస్తే జవాబు రాదు. నిర్ణీత కాలం దాటిన కాగితాలను నాశనం చేస్తారు కూడా. పూర్వీకులు సిపాయీలు కాక ఖాజీలు, ఖతీబులైతే వేరే దారి: 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు.

బేవా తన నికాహ్ రుజువు చేసుకోవలసి వచ్చేది. అందుకు ఖాజీ దఫ్తరు నకలు, ఊరి పెద్దల సాక్ష్యం జతపరచేవారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదని, బతికే ఉందని మునసబు, కరణం రాసిచ్చేవారు. మునసబు, కరణాలు 1984లో పోయారు కానీ ఆ చీటీలు కొన్ని పెట్టెల్లో మిగిలాయి. వాటిలో మహర్ మొత్తం, సాక్షుల పేర్లు, వధువు తండ్రి పేరు దొరకవచ్చు. షజ్రా దాచిన రెండో నికాహ్ కూడా దొరకవచ్చు. దొరికితే కాగితాన్ని చింపేయకండి, ఆమె కూడా ఎవరికో దాదీయే.

ఇది గతించినవారి ముచ్చట మాత్రమే కాదు. ఉద్దానంలో జవానులు లేని ఊరు అరుదు. మనవారిలోనూ పనిచేసి వచ్చినవారు, చేస్తున్నవారు ఉన్నారు. భార్య పేరు పటాలం కాగితంలో 'ఫాతిమా బీ', నికాహ్‌నామాలో 'ఫాతిమున్నీసా', ఆధార్‌లో 'షేక్ ఫాతిమా' అయితే, భర్త కన్నుమూసిన నాడు ఆ ముగ్గురూ ఒకరేనని నిరూపించే భారం ఆమె మీద పడుతుంది. ఇద్దత్‌లో కూర్చున్న స్త్రీ అఫిడవిట్ల కోసం తిరగాలా? భర్త ఉండగానే రికార్డు ఆఫీసుకు రాసి 'పార్ట్-2 ఆర్డరు'లో పేరు సరిచేయించాలి. పిల్లల పేర్లు కూడా, ముఖ్యంగా ఆడపిల్లలవి. 'పెళ్లయి వెళ్లిపోయేదే కదా' అని కూతురి పేరు రాయించని తండ్రులను మేము ఎరుగుదుము.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలే కాదు, పైకప్పులు లేచిపోయిన ఇళ్లలో ట్రంకుపెట్టెలూ తడిసిపోయాయి. ఎండబెట్టిన కాగితాలు అప్పడాల్లా విరిగిపోతాయి. అలాంటివాటికి వేడి ప్లాస్టిక్ పూత వేయించకండి. పొడి గుడ్డలో, బల్లపరుపుగా, కలరా ఉండలు తగలకుండా దాచండి. ముందుగా పగటి వెలుతురులో ఫోటో తీసి ఇద్దరు ముగ్గురు బంధువుల దగ్గర ఉంచండి. ఉర్దూలో రాసిన చీటీలు చదవలేక పక్కన పెట్టినవారు జుమా నమాజు తరువాత మస్జిదులో ఉర్దూ తెలిసిన పెద్దలకు చూపించండి. శికస్తా రాత అయితే ఓపిక పట్టాలి.

ఫోటో తీసేటప్పుడు కాగితం వెనుక వైపు కూడా తీయండి. చెల్లింపులు చాలాసార్లు వెనుకే రాసేవారు: నెల, మొత్తం, గుమాస్తా పొట్టి సంతకం. వరుసగా నిండిన గళ్ల తరువాత ఒక చోట సిరా ఆగిపోతుంది. అక్కడి నెల, సంవత్సరం రాసిపెట్టుకుని, ఖబరస్తానులో ఆ ఏటి సమాధులను వెదకండి.